రేడియం డయల్ అమ్మాయిలు కేసు "గెలిచారు" అంటే నేను ఒప్పుకోను

కృష్ణవేణి_77
చీకట్లో మెరిసేలా గడియారాల డయళ్ళకు రేడియం రంగు పూసి జబ్బుపడ్డ అమెరికా అమ్మాయిల కథ ఎక్కడ చదివినా చివరి పేరా మారదు. పేదింటి ఆడపిల్లలు పెద్ద కంపెనీని కోర్టుకు ఈడ్చారు, గెలిచారు, చట్టాలు మారాయి. మొన్న ఒక ఆదివారం అనుబంధంలో మళ్ళీ అదే చదివి ఒళ్ళు మండింది.

న్యూజెర్సీలో ఆరెంజ్ అనే పట్టణం. అక్కడి యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ మీద 1927 మేలో గ్రేస్ ఫ్రయర్ దావా వేసింది. కేథరిన్ షౌబ్, ఎడ్నా హస్‌మన్, క్వింటా మెక్‌డొనాల్డ్, ఆల్బినా లారిస్ ఆమెతో కలిశారు. తలా రెండున్నర లక్షల డాలర్లు అడిగారు. 1928 జూన్‌లో రాజీ కుదిరింది. తలా 10,000 డాలర్లు, ఏడాదికి 600 పింఛను, వైద్యం ఖర్చు, కోర్టు ఖర్చు. కంపెనీ తన తప్పేమీ లేదనే చెప్పుకుంది. ఏ న్యాయమూర్తీ తీర్పు రాయలేదు. దీన్ని గెలుపు అనడానికి నోరెలా వస్తుంది? చట్టం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

చిలిపి_చీమ
మా వీధి చివర "రేడియం వర్క్స్" అని బోర్డు ఉంది. బైకు నంబరు ప్లేటుకు అక్కడే స్టిక్కరు కోయించాను. నేనూ దావా వేయవచ్చా?

గడియారాల_గోపాలం
చీమగారూ, అందులో రేడియం చుక్క కూడా లేదు. బండి లైటు పడితే వెనక్కి కొట్టే ప్లాస్టిక్ అది. ఆ అమ్మాయిలు పూసింది అసలు సరుకు. రంగు పేరు "అన్‌డార్క్". అణువంత రేడియం, జింక్ సల్ఫైడ్ పొడి, తుమ్మజిగురు, నీళ్ళు. రేడియం నుంచి వచ్చే కణాలు తగిలి జింక్ సల్ఫైడ్ మెరుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చీకటి కందకాల్లో సైనికులకు టైము కనబడాలి, విమానాల్లో మీటర్లు కనబడాలి. ఆరెంజ్ ఫ్యాక్టరీ 1917లో మొదలైంది అందుకే.

విశాఖ_సేఫ్టీ
అంకెలు సన్నవి కాబట్టి కుంచె మొన సూదిలా ఉండాలి. ఒంటె వెంట్రుకల కుంచె రెండు మూడు గీతలకే విచ్చుకుంటుంది. అందుకని పెదవుల మధ్య పెట్టి మొన తీయమని నేర్పారు. పెదవి, రంగు, డయల్. మళ్ళీ పెదవి. జీతం పీసు లెక్కన. ఎంత వేగంగా పూస్తే అంత కూలి.

నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటి ఉంది. మొదట్లో కుంచె కడుక్కోవడానికి నీళ్ళ గిన్నెలు ఇచ్చేవారు. ఆ నీళ్ళలో రేడియం కొట్టుకుపోతోందని గిన్నెలు తీసేశారు. అప్పుడు గ్రాము రేడియం ధర 1,20,000 డాలర్లు. గిన్నెలో పోతే నష్టం అని లెక్క వేసినవాళ్ళు, నోట్లోకి పోయేదానికి లెక్క వేయలేదు.

తటస్థుడు
కథ బాధాకరమే. కాని ఈనాటి జ్ఞానంతో ఆనాటి కంపెనీని బోనెక్కించడం సులువు. అప్పట్లో రేడియం అంటే సర్వరోగ నివారిణి. రేడియం కలిపిన నీళ్ళు సీసాల్లో అమ్మారు. ఎబెన్ బయర్స్ అనే కోటీశ్వరుడు "రాడిథార్" అనే అలాంటి నీళ్ళు డబ్బిచ్చి కొనుక్కుని తాగి 1932లో చనిపోయాడు. అంత డబ్బున్నవాడికే తెలియనిది రంగు కంపెనీకి తెలియాలా? తెలియని ప్రమాదానికి బాధ్యత ఎలా అంటగడతారు?

కృష్ణవేణి_77
తటస్థుడు గారూ, తెలియదు అనేది కంపెనీ వకీలు మాట. అదే ఫ్యాక్టరీలో ప్రయోగశాల మగవాళ్ళకు సీసపు తెరలు, దంతపు మొనలున్న పటకార్లు ఇచ్చారు. పైఅంతస్తు అమ్మాయిలకు ఉత్త కుంచె. ప్రమాదం తెలియకపోతే ఆ తెరలు ఎందుకు? రంగు కనిపెట్టిన వాన్ సొకోకీ వేలికొనలో రేడియం చొరబడితే ఆ కొనను తానే కోసేసుకున్నాడు. అలాంటి మనిషికి రేడియం అమృతం అని ఎవరూ చెప్పనక్కర్లేదు.

గడియారాల_గోపాలం
పైగా నోటితో మొన తీయక తప్పదు అన్నది కూడా అబద్ధం. స్విట్జర్లాండ్‌లో గాజు కడ్డీలతో పూసేవారు. ఫ్రాన్స్‌లో పుల్లకు దూది చుట్టి పూసేవారు. వేరే పద్ధతి ఉండగా ప్రమాదకరమైన పద్ధతి నేర్పారంటే కారణం వేగమూ ఖర్చూ తప్ప మరొకటి కాదు.

పద్మ_ఎముకల_డాక్టర్
వైద్యం వైపు నుంచి రెండు ముక్కలు. రసాయన గుణంలో రేడియం కాల్షియానికి దాయాది. శరీరం దాన్ని కాల్షియమే అనుకుని ఎముకలో పెట్టేస్తుంది. మింగినదాంట్లో చాలా భాగం బయటికి పోతుంది, మిగిలిన కొంచెం మాత్రం ఎముకలోనే కూర్చుంటుంది. దాని అర్ధాయువు, అంటే సగం తరగడానికి పట్టే కాలం, సుమారు 1,600 ఏళ్ళు. అది వదిలే ఆల్ఫా కణాలను ఒక కాగితం ఆపగలదు, కాబట్టి ఒంటి బయట ఉన్నంతసేపు ఆ కణాలతో పెద్ద భయం లేదు. ఎముకలో ఉంటే అడ్డం పెట్టడానికి కాగితం లేదు. దవడ కుళ్ళిపోవడం, మూలుగ రక్తం తయారుచేయడం మానేయడం, వెన్నుపూసలు నలిగిపోవడం, ఏళ్ళు గడిచాక ఎముక క్యాన్సర్. అన్నీ పని మానేసిన తరవాతే బయటపడతాయి.

మోలీ మాజియా సంగతి చూడండి. క్వింటా, ఆల్బినాల తోబుట్టువు. ముందు ఒక పన్ను, తరవాత వరసగా పళ్ళు, చివరికి దవడ ఎముక వైద్యుడి చేతికే ఊడి వచ్చింది. 1922 సెప్టెంబరులో చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో సిఫిలిస్ అని రాశారు.

అమ్మాజీ_కాకినాడ
సిఫిలిస్ అనా? పెళ్ళికాని పిల్ల చనిపోతే ఆ మాట రాశారా? ఆ తల్లిదండ్రులు ఎలా తలెత్తుకుని ఉంటారు.

పద్మ_ఎముకల_డాక్టర్
అమ్మాజీ గారూ, ఆ రాత కంపెనీకి బాగా పనికొచ్చింది. చూశారా, అది మా రంగు వల్ల కాదు అనడానికి. 1927 అక్టోబరులో ఆమె శవపేటికను తవ్వి తీశారు. ఎముకల్లో రేడియం ఉంది, సిఫిలిస్ ఆనవాలు లేదు.

అసలు మొదటి దంతవైద్యులు ఫాస్ఫరస్ అనుకున్నారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు దవడ కుళ్ళేది కదా, అదే రకం అని. 1924లో థియొడోర్ బ్లమ్ అనే దంతవైద్యుడు "రేడియం దవడ" అనే పేరు పెట్టాడు. ఏదో పెద్ద వ్యాసం రాసి కాదు, ఒక వ్యాసం అడుగున చిన్న పాదసూచికలో. 1925లో ఎసెక్స్ కౌంటీ వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లండ్ బతికున్నవాళ్ళ ఊపిరిలో రాడాన్ (రేడియం నుంచి పుట్టే వాయువు) కొలిచి ఒంట్లో రేడియం ఉందని తేల్చాడు. ఆ పరీక్షకు సాయం చేసింది ఎవరో తెలుసా? ఆ వాన్ సొకోకీయే. ఆయన ఊపిరిలోనూ అది ఉంది. 1928 నవంబరులో రక్తహీనతతో పోయాడు.

బెజవాడ_రేడియోగ్రాఫర్
మాకు ఆసుపత్రిలో టీఎల్‌డీ బ్యాడ్జీలు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేవి) ఇస్తారు, మూడు నెలలకోసారి చదివించడానికి పంపుతారు. మా దగ్గర ఒకాయన తన బ్యాడ్జిని ఎప్పుడూ సొరుగులో భద్రంగా పెడతాడు. ఆయన రిపోర్టు ప్రతిసారీ సున్నా. సొరుగు ఆరోగ్యం మాత్రం దివ్యంగా ఉంది.

వాయిదాల_వకీలు
కృష్ణవేణి గారు అడిగిందానికి వస్తాను. తీర్పు ఎందుకు రాలేదు అంటే, ఆ కేసులో అందరూ కొట్టుకున్నది రోగం గురించి కన్నా తేదీల గురించి.

న్యూజెర్సీలో అప్పటి చట్టం ప్రకారం గాయమైన రెండేళ్ళలోపు దావా వేయాలి. కార్మిక పరిహార చట్టం కిందికి వెళదామంటే గడువు అయిదు నెలలే, పైగా జబ్బు పేరు చట్టంలోని జాబితాలో ఉండాలి. రేడియం వల్ల ఎముక కుళ్ళడాన్ని జాబితాలో చేర్చింది 1926లో. అది కూడా కుళ్ళడం ఒక్కటే. రక్తహీనత వచ్చినవారికీ క్యాన్సర్ వచ్చినవారికీ అందులో చోటు లేదు. ఈ అయిదుగురూ పని మానేసింది అంతకు చాలా ముందు. గ్రేస్ ఫ్రయర్ 1920లోనే మానేసి బ్యాంకులో చేరింది. పళ్ళూ వెన్నూ దెబ్బతిన్నాక, కేసు పట్టే వకీలు దొరకడానికే ఆమెకు రెండేళ్ళు పట్టింది. కాబట్టి కంపెనీ జవాబు ఒక్క వాక్యం: మీరు ఆలస్యంగా వచ్చారు.

రేమండ్ బెర్రీ అప్పటికి ముప్పై నిండని వకీలు. ఆయన ఏమన్నాడంటే, కుంచె నోట్లో పెట్టిన రోజున గాయం పూర్తి కాలేదు, రేడియం ఇప్పటికీ ఎముకలో కొడుతూనే ఉంది, గాయం ఈ రోజుకూ జరుగుతోంది. రెండోది, జబ్బుకు కారణం తెలిసిన రోజు నుంచే గడువు లెక్కించాలి. మూడోది, కారణం తెలియకుండా దాచింది ప్రతివాదే, అలా దాచి ఇప్పుడు ఆలస్యం అనే హక్కు వారికి లేదు. అందుకే చాన్సరీ కోర్టుకు వెళ్ళాడు. అక్కడ చట్టం అక్షరంతోపాటు ధర్మాధర్మాలు కూడా చూస్తారు.

తటస్థుడు
వకీలు గారు చెప్పింది బాగుంది, కాని మీ మూడో వాదన నిలవదు. కంపెనీ దాచిన నివేదిక 1924 నాటిది. అయిదుగురూ అంతకు ముందే మానేశారని మీరే అన్నారు. తరవాత దాచిన కాగితం ముందే జరిగిన గాయానికి కారణం ఎలా అవుతుంది?

అమ్మాజీ_కాకినాడ
ఏ నివేదిక? మధ్యలో వచ్చినవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి.

కృష్ణవేణి_77
అమ్మాజీ గారూ, నేను చెబుతాను. 1924లో అమ్మాయిలు జబ్బు పడుతున్నారని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాక, కంపెనీ అధ్యక్షుడు ఆర్థర్ రోడర్ హార్వర్డ్ నుంచి సెసిల్ డ్రింకర్ బృందాన్ని పిలిపించాడు. వాళ్ళు ఫ్యాక్టరీ తిరిగి చూశారు. చీకటి గదిలో చూస్తే అమ్మాయిల జుట్టు, ముఖం, చేతులు, మెడ, లోపలి బట్టలు కూడా మెరుస్తున్నాయి. రక్తపరీక్షలు పూర్తిగా మామూలుగా ఉన్నవాళ్ళు లేరు. రేడియమే కారణమని నివేదిక రాసి ఇచ్చారు.

రోడర్ దాన్ని తొక్కిపెట్టాడు. రాష్ట్ర కార్మిక శాఖకు మాత్రం అమ్మాయిలంతా పూర్తి ఆరోగ్యంగా ఉన్నారని మార్చిన సారాంశం వెళ్ళింది, డ్రింకర్ పేరు మీదే! ఎలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు ఆ సంగతి పట్టుకుని డ్రింకర్ భార్య కేథరిన్‌కు ఉత్తరం రాస్తే గుట్టు బయటపడింది. కేథరిన్ కూడా ఆ అధ్యయనంలో ఉన్న శాస్త్రవేత్తే. కంపెనీ దావా వేస్తామని బెదిరించినా 1925లో అచ్చువేశారు.

వాయిదాల_వకీలు
తటస్థుడు గారి పాయింటు మంచిదే, ప్రతివాది తరఫున నేనున్నా అదే అడుగుతాను. కాని రెండు సంగతులు కలిపేస్తున్నారు. నివేదిక దాచడం గాయానికి కారణం అని ఎవరూ అనలేదు. గడువు మించిపోవడానికి కారణం అన్నారు. గాయం చేసినందుకు ఒక బాధ్యత. గాయపడినవాడు సకాలంలో కోర్టు గడప తొక్కకుండా చేసినందుకు మరో బాధ్యత. డ్రింకర్ నివేదిక 1924లోనే వీళ్ళ చేతికి అందితే వకీళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగే అవసరం ఉండేదా?

గాయం బాధ్యతకు వేరే సాక్ష్యం ఉంది. తాను కుంచె నోట్లో పెట్టుకుంటుంటే వాన్ సొకోకీ చూసి, అలా చేయకు, జబ్బు పడతావు అన్నాడని గ్రేస్ చెప్పింది. అది ఆమె పనిచేస్తున్న రోజుల మాట. 1924 కాదు.

తటస్థుడు
ఒక్క మాట అన్నంత మాత్రాన సంస్థకు తెలిసినట్టా?

వాయిదాల_వకీలు
అన్నవాడు వీధిలో పోయే దానయ్య అయితే కాదు. సంస్థ స్థాపకుడు, సాంకేతిక అధిపతి అంటే అవును.

విశాఖ_సేఫ్టీ
ఇంకొకాయనను మరిచిపోయారు. ఫ్రెడరిక్ ఫ్లిన్, కొలంబియా విశ్వవిద్యాలయం. గ్రేస్‌ను పరీక్షించి, నీ ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందన్నాడు. తరవాత తెలిసింది ఏమంటే ఆయన వైద్యుడే కాదు, కంపెనీ పెట్టుకున్న మనిషి. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చూస్తున్నాను, పరీక్ష ఎవరు చేశారు అన్నదానికన్నా ఫీజు ఎవరు కట్టారు అని ముందు అడగాలి. ఒక చోట మా కాంట్రాక్టు కార్మికుల వినికిడి పరీక్షలన్నీ ఒకే రోజు, ఒకే చేతిరాతతో, ఒకే ఫలితంతో వచ్చాయి. యాభై ఎనిమిదేళ్ళ బాయిలరు మనిషికీ ఇరవై ఏళ్ళ కుర్రాడికీ చెవులు ఒకేలా వినబడుతున్నాయట.

లెక్కల_లక్ష్మణరావు
నేను డబ్బు వైపు నుంచి చూశాను. రాజీ పత్రంలో పింఛనుకు ఒక మెలిక ఉంది. ముగ్గురు వైద్యుల మండలి వీళ్ళను పరీక్షిస్తుంది. ఇకపై రేడియం జబ్బు లేదని ముగ్గురిలో ఇద్దరు అంటే పింఛను ఆగిపోతుంది. 1,600 ఏళ్ళు ఉండే పదార్థం తగ్గిపోతుందేమో చూడటానికి మండలి!

ఇక ఎవరెంత కాలం తీసుకున్నారో చూడండి. క్వింటా 1929 డిసెంబరులో పోయింది. ఏడాదిన్నర పింఛను. కేథరిన్ షౌబ్, గ్రేస్ ఇద్దరూ 1933లో. గ్రేస్‌కు అప్పటికి 34 ఏళ్ళు. ఎడ్నా 1939, ఆల్బినా 1946. రెండున్నర లక్షలు అడిగితే గ్రేస్‌కు పింఛనుతో కలిపి పదమూడు వేల చిల్లర ముట్టింది. నూటికి అయిదు రూపాయల పైన ఏదో.

చిలిపి_చీమ
మా ఊళ్ళో భూసేకరణ పరిహారం కూడా ఇంతే శాతం. అంతర్జాతీయ ప్రమాణం కాబోలు.

ఎడిసన్_వాసి
లక్ష్మణరావు గారూ, లెక్క సరే, కాని ఆ రోజు మీరే బెర్రీ కుర్చీలో ఉన్నారనుకోండి. 1928 ఏప్రిల్‌లో విచారణ నడుస్తుండగా సెప్టెంబరుకు వాయిదా వేశారు. కంపెనీ సాక్షులు వేసవికి యూరప్ వెళుతున్నారట! ఇక్కడ వాదులు నడవలేక ప్రమాణానికి చెయ్యి ఎత్తలేని స్థితిలో ఉన్నారు. వాల్టర్ లిప్‌మన్ "న్యూయార్క్ వరల్డ్" సంపాదకీయంలో దుమ్మెత్తిపోశాడు. ఆ ఒత్తిడికే విలియం క్లార్క్ అనే న్యాయమూర్తి మధ్యవర్తిగా వచ్చి రాజీ కుదిర్చాడు. తీర్పు వచ్చి, పైకోర్టుకు వెళ్ళి, తేలేటప్పటికి ఎవరు మిగిలేవారు? పదివేలు అప్పటి కూలీ ఇంటికి చిన్న మొత్తం కాదు. నేనైతే సంతకం పెట్టించేవాణ్ణి.

నేనుండేది ఎడిసన్‌లో. ఆరెంజ్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఫ్యాక్టరీ స్థలం, చుట్టుపక్కల కలుషితమైన ఇళ్ళు సూపర్‌ఫండ్ జాబితాకు, అంటే అమెరికా ప్రభుత్వం శుభ్రం చేయించే విషపూరిత స్థలాల జాబితాకు, ఎక్కాయి. రేడియం తీసేసిన తరవాత మిగిలిన మట్టిని మాంట్‌క్లెయిర్, గ్లెన్ రిడ్జ్, వెస్ట్ ఆరెంజ్‌లలో పల్లం పూడ్చడానికి వాడారు, దాని మీద ఇళ్ళు కట్టారు. 1980లలో ఆ ఇళ్ళలో రాడాన్ కనబడితే పెరళ్ళు తవ్వి మట్టి ఎత్తుకెళ్ళారు. మా వాళ్ళు ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తారు, తరవాత స్కూలు చూస్తారు. రాడాన్ పరీక్ష కాగితం కూడా చదవండి అని చెబుతుంటాను.

కృష్ణవేణి_77
రాజీ తప్పని నేను అనలేదు ఎడిసన్ గారూ. నేనున్నా సంతకం పెట్టించేదాన్నే. దాన్ని గెలుపు అని రాయడమే నా అభ్యంతరం. రాజీ వల్ల తీర్పు పుట్టలేదు. తీర్పు పుట్టకపోతే తరవాతి కార్మికురాలికి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఇల్లినాయ్‌లో సరిగ్గా అదే జరిగింది.

గడియారాల_గోపాలం
ఒటావా గురించే కదా? అది నేను రాస్తాను, నాకు ఆ భాగం మీద ప్రత్యేకమైన కోపం ఉంది.

ఇల్లినాయ్‌లో ఒటావా అనే చిన్న ఊరు, రేడియం డయల్ కంపెనీ. అక్కడా అదే కుంచె, అదే పెదవి. 1925లోనూ 1928లోనూ కంపెనీ తన అమ్మాయిలకు పరీక్షలు చేయించింది, ఫలితాలు వాళ్ళకు చెప్పలేదు. అడిగితే, ఆ ఫలితాలు బయటపెడితే ఇక్కడ అల్లర్లు జరుగుతాయి అని సూపర్‌వైజర్ రూఫస్ రీడ్ అన్నాడని తరవాత సాక్ష్యంలో వచ్చింది. 1928 జూన్‌లో న్యూజెర్సీ రాజీ వార్త దేశమంతా పాకింది. వెంటనే ఒటావా పత్రికలో కంపెనీ పెద్ద ప్రకటన వేసింది. మా దగ్గర ఎవరికీ ఏ లక్షణాలూ లేవు, న్యూజెర్సీలో వాడింది మెసోథోరియం కలిసిన సరుకు, మేము వాడేది శుద్ధ రేడియం అని.

శుద్ధ రేడియం! కల్తీ లేని నెయ్యి అన్నట్టు. ఊరు నమ్మింది. ఆ తరవాతి ఏడాది పెగ్ లూనీ అనే అమ్మాయి చనిపోతే ధ్రువపత్రంలో డిఫ్తీరియా అని రాశారు. 1978లో తవ్వి తీసి చూస్తే ఎముకల్లో రేడియం.

పద్మ_ఎముకల_డాక్టర్
మెసోథోరియం సంగతి పూర్తిగా కల్పన కాదు. అది రేడియం-228, చవకగా దొరికేది, దాని అర్ధాయువు ఆరేళ్ళలోపే. ఆరెంజ్‌లో కలిపిన మాట నిజం. ఆ నిజం పక్కన, మాది సురక్షితం అనే అబద్ధాన్ని కూర్చోబెట్టారు. ఉత్త అబద్ధం కన్నా ఇలాంటిది ఎక్కువ కాలం బతుకుతుంది.

వాయిదాల_వకీలు
ఒటావా వ్యాజ్యం న్యాయ విద్యార్థులు తప్పక చదవాలి. మొదట ఇనెజ్ వాలట్ కేసు. ఆమె వాడుకున్న వృత్తిరోగాల చట్టం నిబంధన అస్పష్టంగా ఉందని 1935లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు దాన్నే కొట్టేసింది. అంటే రోగి ఉంది, రోగం ఉంది, కంపెనీ ఉంది, చట్టం మాయమైంది. 1936లో శాసనసభ కొత్త చట్టం తెచ్చింది.

తరవాత కేథరిన్ డోనహ్యూ. కుంటుతున్న మనిషి ఎదురుగా ఉంటే మిగతావాళ్ళు భయపడతారని 1931లో ఆమెను పనిలోంచి తీసేశారు. 1938 ఫిబ్రవరిలో పారిశ్రామిక కమిషన్ ముందు విచారణ. ఈ జబ్బుకు మందు లేదని దంతవైద్యుడు సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె అక్కడే కుప్పకూలింది. మర్నాడు విచారణ ఆమె ఇంట్లో, మంచం పక్కన జరిగింది. వకీలు లెనర్డ్ గ్రాస్‌మన్. ఏప్రిల్‌లో ఆమె పక్షాన నిర్ణయం వచ్చింది. ఏడాదికి 277 డాలర్ల పింఛను. కంపెనీ అప్పీలు మీద అప్పీలు వేసింది. జులై 27న ఆమె చనిపోయింది. 1939 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలును వినడానికి నిరాకరించింది.

కృష్ణవేణి గారూ, మీకు కావలసిన గెలుపు ఇది. రాజీ కాదు, నిర్ణయం. పైకోర్టుల్లో కూడా నిలిచింది.

లెక్కల_లక్ష్మణరావు
నిర్ణయం నిలిచింది, డబ్బు? రేడియం డయల్‌కు బీమా లేదు. కమిషన్ దగ్గర 10,000 డాలర్ల పూచీ ఒకటే మిగిలింది. కంపెనీ 1936లోనే మూతపడింది. పాత అధ్యక్షుడు జోసెఫ్ కెలీ అప్పటికే అదే ఊళ్ళో, కొన్ని వీధుల అవతల, లూమినస్ ప్రాసెసెస్ అనే కొత్త కంపెనీ తెరిచాడు. అది 1978 దాకా నడిచింది. నలభై ఏళ్ళు! బోర్డు మారిస్తే బాధ్యత మారిపోయే విద్య మన దగ్గరే పుట్టిందనుకున్నాను.

అమ్మాజీ_కాకినాడ
నలభై ఏళ్ళా? ఊరంతా ఏం చేస్తోంది?

ఎడిసన్_వాసి
కరువు రోజులు అమ్మాజీ గారూ, 1930ల మాంద్యం. ఫ్యాక్టరీ పోతే కూలి పోతుంది. కేసు వేసినవాళ్ళతోనే ఊరు మాట్లాడటం మానేసింది. ఇప్పుడు అదే ఊళ్ళో చేతిలో కుంచె పట్టుకున్న అమ్మాయి కంచు విగ్రహం ఉంది. 2011లో పెట్టారు.

నవీన్_భద్రత
కాని ఈ కేసుల వల్లే కదా 1970లో అమెరికాలో ఓషా (పనిచోట భద్రత, ఆరోగ్యం) చట్టం వచ్చింది? ఆ మేరకు గెలుపే.

విశాఖ_సేఫ్టీ
నవీన్ గారూ, 1928కీ 1970కీ మధ్య నలభై రెండేళ్ళున్నాయి. గని ప్రమాదాలు, ఆస్బెస్టాస్, సంఘాల పోరాటాలు చాలా ఉన్నాయి ఆ చట్టం వెనక. అంతా వీళ్ళ ఖాతాలో వేయడం కథ రాసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది.

నేరుగా చూపించగలిగింది వేరే ఉంది. 1941లో అమెరికా ప్రమాణాల సంస్థ, రేడియం రంగు వాడేవాళ్ళ కోసం ఒక చేతిపుస్తకం వేసింది. ఒంట్లో 0.1 మైక్రోగ్రాముకు మించి రేడియం ఉండకూడదు అని అందులో హద్దు పెట్టారు. రాబ్లీ ఎవాన్స్ అనే ఎంఐటీ శాస్త్రవేత్త ఈ డయల్ కార్మికులను కొలిచిన కొలతల మీదే ఆ అంకె నిలబడింది. ప్లుటోనియంతో పనిచేసేవాళ్ళకు హద్దులు పెట్టేటప్పుడూ అదే ఆధారం. మన బెజవాడ మిత్రుడి సొరుగులో ఉన్న బ్యాడ్జికి కూడా ఎక్కడో ఆ వంశవృక్షంలో చోటుంది.

బెజవాడ_రేడియోగ్రాఫర్
సొరుగు నాది కాదు మహాప్రభో, మా సహోద్యోగిది.

మార్కాపురం_పలక
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. డాక్టరు గారు సిఫిలిస్ రాత గురించి చెప్పాక రాయాలనిపించింది. మా నాన్న చాలా ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేశారు. ముక్కుకు తువ్వాలు తప్ప మరేమీ లేదు. దగ్గు మొదలైతే టీబీ అన్నారు. మందులు వాడారు, తగ్గలేదు, మళ్ళీ టీబీ అన్నారు. పని మానేశాక పెద్ద ఆసుపత్రిలో స్కాన్ తీసి, ఇది రాతి దుమ్ము, సిలికోసిస్ అన్నారు. అప్పటికి ఫ్యాక్టరీ చేతులు మారింది. ఆయన పేరు పాత రిజిస్టర్లలో ఉందో లేదో కూడా కొత్త యజమానికి తెలియదట. మన దగ్గర గడువు ఎంత? మాదీ దాటిపోయినట్టేనా?

వాయిదాల_వకీలు
ఉద్యోగుల పరిహార చట్టం, 1923లో సిలికా దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మూడో షెడ్యూలులో ఉంది. కాబట్టి జబ్బు పేరు దగ్గర చిక్కు లేదు. గడువు పదో సెక్షన్. మామూలుగా రెండేళ్ళు. పని మానేసిన తరవాత రెండేళ్ళలోపు లక్షణాలు బయటపడితే, వాటిని మొదట గుర్తించిన రోజునే ప్రమాదం జరిగినట్టు లెక్కిస్తారు. ఇది గ్రేస్ ఫ్రయర్‌కు లేని సదుపాయం. గడువు దాటినా, తగిన కారణం చూపిస్తే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. తప్పు రోగనిర్ధారణ తగిన కారణమని వాదించడానికి మీ దగ్గర మంచి ఆధారం ఉంది, ఆ టీబీ చీటీలే.

ఈ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. మీ నాన్నగారి తేదీలకు ఏది వర్తిస్తుందో కాగితాలు చూస్తే తప్ప చెప్పకూడదు. ఈఎస్ఐ కార్డు ఉండేదా? ఉంటే దారి వేరు, క్లెయిము అటు వెళ్ళాలి.

తటస్థుడు
మార్కాపురం మిత్రమా, రిజిస్టరు దొరకకపోవడం గురించి ఒక సంగతి. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో మన సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా పదవీ విరమణ తరవాత 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం ఆరోగ్య రికార్డులు భద్రపరచాలని. అది ఆస్బెస్టాస్ సంస్థలకు ఇచ్చింది, పలకలకు కాదు. కాని మెల్లగా బయటపడే జబ్బుకు రికార్డు ఎన్నాళ్ళు ఉండాలో కోర్టు ఎలా ఆలోచించిందో మీ వకీలు చూపించవచ్చు.

చిలిపి_చీమ
తటస్థుడు గారు పక్షం తీసుకున్నారు. తేదీ రాసిపెట్టుకోండి.

తటస్థుడు
పక్షం కాదు. 1917లో తెలియదు అంటే కొంత వింటాను. రాతి దుమ్ము సంగతి ఇప్పుడు తెలియనివాడెవడు?

అమ్మాజీ_కాకినాడ
గోపాలం గారూ, సంబంధం లేని ప్రశ్న. మా తాతగారి మిలిటరీ గడియారం ఒకటి బీరువాలో ఉంది. పూర్వం రాత్రిపూట మెరిసేదని అమ్మ అంటుంది, ఇప్పుడు మెరవడం లేదు. అంటే రేడియం అయిపోయినట్టే కదా?

గడియారాల_గోపాలం
అయిపోలేదు. చచ్చిపోయింది జింక్ సల్ఫైడ్, రేడియం అలాగే ఉంటుంది. అద్దం బిగించి ఉన్నంతవరకు అప్పుడప్పుడు చూసుకోవడంలో తప్పులేదు. అద్దం మాత్రం తీయకండి, ఊడిన పొడిని గోటితో గీకకండి, పిల్లలకు ఇవ్వకండి. వీధి చివర రిపేరు కుర్రాడికి ఇచ్చేటట్టయితే రేడియం ఉండవచ్చని ముందే చెప్పండి. వాళ్ళు డయల్ మీద దుమ్మును నోటితో ఊదుతారు. తరవాతి కాలంలో ట్రిషియం వచ్చింది, ఇప్పుడు వాచీల్లో వాడే మెరుపు రంగుల్లో రేడియోధార్మికత లేదు.

మార్కాపురం_పలక
వకీలు గారూ, ఈఎస్ఐ కార్డు ఉన్నట్టు గుర్తులేదు. పీఎఫ్ చీటీలు రెండు మూడు ఉన్నాయి, వాటి మీద పాత ఫ్యాక్టరీ పేరుంది. నాన్నతో కలిసి పనిచేసినవాళ్ళు ఇద్దరు ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ మాట పనికొస్తుందా?

వాయిదాల_వకీలు
బాగా పనికొస్తుంది. ఇద్దరి చేతా అఫిడవిట్లు ఇప్పుడే రాయించండి, వాళ్ళూ అదే దుమ్ము పీల్చినవాళ్ళు. పీఎఫ్ చీటీలు, టీబీ చీటీలు, స్కాన్ రిపోర్టు అన్నీ తేదీల వరసలో పెట్టి జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో కమిషనర్ పేరున దరఖాస్తు ఇవ్వండి. దాంతోపాటే ఆలస్యం మన్నించమని విడిగా మరో దరఖాస్తు. అందిందని సంతకం, తేదీ వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి.